కత్తిరించిన ఎడమ అంచు

స్టూడియో వెనక గది,
ఫిబ్రవరి 9

అక్కా,

పార్సిల్ అందింది. నువ్వు చుట్టిన చుట్టు విప్పడానికి అరగంట పట్టింది. లోపల లెన్సు కంటే బయట నీ పత్రిక పాత సంచికలే ఎక్కువున్నాయి. చదవాలనేగా వాటితో చుట్టడం? చదివాలే.

ఫోన్ చెయ్యొద్దు, రాయమన్నావు. "ఫోన్లో నువ్వు ఊ కొట్టి ఊరుకుంటావు, కాగితం మీద ఊ కొట్టలేవుగా" అన్నావు. సరే. లెన్సు ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు బరువు. గుప్పెడంత లేదు గానీ ఇనప తాళంకప్పలా ఉంది. మీ పత్రికలో రిటైరైన ఫొటోగ్రాఫర్ దీన్ని ఎక్కడో కొట్టుకున్నట్టున్నాడు, ముందంచుకి చిన్న సొట్ట. అద్దానికేం కాలేదు. జూమ్ లేదు. కూర్చున్న చోట కూర్చుని మనుషుల్ని దగ్గరికి లాక్కోవడం అలవాటైనవాణ్ణి కదా, ఇది లేచి నడవమంటుంది. మొదటిరోజు విసుగేసింది. మూడోరోజు మోకాళ్ళు పట్టేశాయి. నాలుగోరోజుకి ఇష్టం మొదలైంది.

అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే కన్నం, మొత్తం తెరిస్తే ఈ గదిలో ఉన్న ఒక్క బల్బు చాలు, ఫ్లాష్ జోలికి పోనక్కర్లేదు. అప్పుడు మాత్రం కనురెప్ప స్పష్టంగా ఉంటే చెవి కరిగిపోతుంది. కొంచెం మూస్తే అన్నీ దారికొస్తాయి. అంచుల్లో ఒక తిక్క ఉంది: మధ్యలో ఉన్న మనిషి బాగానే ఉంటాడు, అంచుకి పోయినవాడు రబ్బరులా సాగిపోతాడు. దగ్గరగా ఉన్నది మరీ పెద్దదవుతుంది, కాస్త దూరమైనది పారిపోతుంది.

పిన్ని మీద పరీక్షించాను. ఒక కన్ను మూసి పనిచేస్తానని నాకు పెట్టిన పేరు తెలుసుగా. ఫొటో చూసి, "ఒరేయ్ ఒంటికన్నోడా, నా ముక్కు నాకంటే ముందు బయల్దేరిందేంరా?" అంది. ఈ గది కూడా తీశాను. మోచేతులు చాపితే రెండు గోడలూ తగిలే గది, ఫొటోలో చూస్తే నువ్విక్కడ సభ పెట్టుకోవచ్చు. పిన్ని దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఈ అద్దమేదో నా కళ్ళకి పెట్టరా, గోడ కదపకుండా ఇల్లు పెద్దదవుతుంది" అని ఒకటే నవ్వు.

నలభయ్యో పుట్టినరోజుకి ఇంత పెద్ద కానుక ఎందుకక్కా? అయినా బాగుంది. చాలా బాగుంది.

నీ తమ్ముడు


పత్రిక ఆఫీసు, మేడ మీద,
ఫిబ్రవరి 20

ఒరేయ్ తమ్ముడూ,

నడవమంటోందని విసుక్కున్నావు చూడు, అందుకే పంపాను. ఇరవై ఏళ్ళుగా స్టూలు మీద కూర్చుని "గడ్డం పైకి, భుజం కిందికి" అంటూ మనుషుల తలలు కత్తిరించి గుర్తింపు కార్డులకి అతికిస్తున్నావు. దూరాన దాక్కుని జూమ్ తో లాగి తీసిన బొమ్మ నా దృష్టిలో కిటికీలోంచి తొంగిచూడటమే. ఎదుటివాడి ఊపిరి తగిలే దూరంలోకి వెళ్ళి, వాడు తిడితే తిట్టించుకుని, అప్పుడు తియ్యి.

అంచుల్లో మనుషులు సాగిపోతారని నీ ఫిర్యాదు. సాగనీరా! ఇన్నాళ్ళూ అంచుల్లో మనుషులున్నారనే ఎవరికీ పట్టలేదు. రాసేవాడు అబద్ధమాడతాడు, ఉపన్యాసమిచ్చేవాడు ఆడతాడు, నేనూ ఆవేశంలో ఒకటికి రెండు అంటాను. ఇంత వెడల్పుగా, ఇంత దగ్గరగా చూసే అద్దం మాత్రం అబద్ధమాడదు. రాసిపెట్టుకో.

నాకు కావలసింది పిన్ని పనిచేసే కుట్టు హాలు. ఇరవయ్యారేళ్ళుగా అక్కడ చొక్కాలకి కాలర్లు వేస్తోంది. అమ్మ పోయాక మన ఇద్దరి కడుపులూ నిండింది ఆ కాలర్లతోనే. అయినా ఆ హాలు ఎలా ఉంటుందో మనమిద్దరం ఒక్కసారీ చూడలేదు. సిగ్గుండాలి మనకి. "బల్లల మధ్య నడవడానికి చోటుండదే లాయరమ్మా, పక్కకి తిరిగి నడుస్తాం" అని పోయినసారి నాతో అంది, నా వాదనలకి పెట్టిన పేరుతోనే పిలుస్తూ. అది నాకు చూపించు.

పిన్ని మోకాలి నొప్పి ఎలా ఉంది? అడిగితే నాకు చెప్పదు.

అక్క


స్టూడియో,
మార్చి 14

అక్కా,

నువ్వన్నట్టే జరిగింది, కాకపోతే వేరే దారిన. కుట్టు హాలు మేనేజరే పిలిపించాడు. "మా వాడున్నాడు, వాడికి కొత్త లెన్సు వచ్చింది" అని పిన్నే చెప్పిందట. నిప్పు ప్రమాదాల తనిఖీకి హాలు ఫొటోలు కావాలి. ఇప్పుడు తనిఖీ అధికారులు ఎక్కడికీ రావడం లేదు. యజమాని ఫొటోలు పంపుతాడు, వాళ్ళు చూసి ధ్రువపత్రం ఇస్తారు.

గేటు కాపలా ఆయన తలుపు తీశాడు. నడుముకి ఇంత గుత్తి వేలాడుతూ ఉంటుంది. పిన్ని ఆయన్ని తాళాలన్నయ్య అంటుంది. ఆయన నా కెమెరా సంచి లాక్కుని, "మా చెల్లెలి కొడుకువి, నువ్వు మొయ్యడమేంటి" అన్నాడు. దారిలో గుడ్డ మూటలుంటే ఆ ఉదయమే తీయించారు. హాలు మసకగా ఉంది. వేరే లెన్సయితే చేతులెత్తేసేది, ఇది అవలీలగా తీసేసింది. మనుషులెవరూ కనబడకూడదన్నాడు మేనేజర్. మధ్యదారి, తలుపు, గోడకి నిప్పార్పే సిలిండర్లు, అంతే.

బాగా వచ్చాయి. మేనేజర్ సంతోషించాడు. అందరి గుర్తింపు కార్డుల పనీ నాకే ఇస్తానన్నాడు. ఒక ప్రింటు పంపుతున్నాను, చూడు.

పిన్ని మోకాలు అలాగే ఉంది. నాకూ చెప్పదు.

తమ్ముడు


పత్రిక ఆఫీసు,
మార్చి 27

ఒరేయ్,

ఫొటోలు చూసి సంతకాలా? రేపు వైద్యుడు కూడా ఫొటో చూసి నాడి పడతాడు కాబోలు! అధికారికి కుర్చీలోంచి లేవడం బరువైపోయింది, యజమానికి అది వరమైపోయింది. దీనిమీద రాస్తాను, వదలను. నువ్వు ఆ పని ఒప్పుకున్నందుకు నిన్ను వేరే తిడతాను, తీరిగ్గా.

ఫొటో మాత్రం అద్భుతంగా ఉంది. ఒప్పుకుంటున్నాను, నేననుకున్నంత ఇరుకు కాదు. మధ్యదారిలో ఇద్దరు భుజాలు తగలకుండా నడిచి వెళ్ళేటట్టుంది. పిన్ని కాస్త ఎక్కువ చేసి చెబుతుందన్నమాట! ఈసారి వచ్చినప్పుడు ఆటపట్టిస్తాను.

మనుషులెవరూ లేకుండా ఆ హాలు ఎంత దిక్కుమాలినట్టుందో చూశావా?

అక్క


పత్రిక ఆఫీసు,
జూన్ 6

తమ్ముడూ,

పిన్నిని కాటికి సాగనంపి వచ్చి పదిరోజులైంది. నీ గదిలో నాలుగు రోజులున్నాను. నాలుగు మాటలు మాట్లాడావా? పళ్ళెం ముందు పెడితే పళ్ళెంకేసి చూస్తావు. కూర్చోమంటే కూర్చుంటావు. నేను బిగ్గరగా ఏడ్చాను, అరిచాను, మేనేజర్ గుమ్మం ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వు గోడకానుకుని నిలబడ్డావు. ఎవరి బాధ వాళ్ళది, ఒప్పుకుంటాను. కానీ నీది బాధలా లేదురా. ఇంకేదో ఉంది.

పిన్నితో కలిపి పధ్నాలుగు మంది. పట్టపగలు, భోజనాల వేళ దాటాక, మూలనున్న ఇస్త్రీ బల్ల దగ్గర నిప్పు మొదలైందన్నారు. కాలింది హాల్లో మూడోవంతు. అందరూ పొగకే పోయారు, తలుపు ముప్పై అడుగుల దూరంలో ఉండగా. కంపెనీవాళ్ళు నీ ఫొటోని దుప్పటంత చేసి గేటుకి కట్టారు: చూడండి, మా దారి ఇంత విశాలం, మా దగ్గర పత్రం ఉంది, మా తప్పేం లేదు. నేనా ఫొటో ముందు గంటసేపు నిలబడ్డాను. ఇద్దరు పక్కపక్కన పరుగెత్తగల దారి. మరి ఎందుకు బయటపడలేదు? ఒకటే జవాబు. తలుపు మూసి ఉంది. తాళాలు ఎవరి నడుముకి వేలాడుతున్నాయి?

వ్యాసం రాశాను. పేరు "తాళం ఎవరి చేతిలో". యజమాని మూయమన్నాడు, వీడు మూశాడు. అన్నయ్యా అని పిలిచిన పిన్నిని లోపల పెట్టి మూశాడు. వచ్చే సంచికలో వస్తుంది.

తిను. పస్తుండకు.

అక్క


స్టూడియో వెనక గది,
జూన్ 12

అక్కా,

ఆ వ్యాసం వెయ్యొద్దు.

తాళాలన్నయ్య తలుపు తీశాడు. మొదటి కేకకే తీశాడట. ఆయన రెండు అరచేతులూ కాలిపోయాయి. నేను చూశాను.

దయచేసి వెయ్యొద్దు.

తమ్ముడు


పత్రిక ఆఫీసు,
జూన్ 25

నీ ఉత్తరం వచ్చేసరికి పత్రిక అచ్చయిపోయింది. రాకపోయినా వేసేదాన్నే. నాలుగు ముక్కలు రాసి పడేస్తే ఆపేయడానికి ఇదేమైనా నీ స్టూడియో బోర్డా? ఎందుకు వెయ్యొద్దో చెప్పవు. తలుపు తీసి ఉంటే, దారి అంత ఉంటే, పధ్నాలుగు మంది లోపలే ఎందుకున్నారో చెప్పవు. అరచేతులు కాలాయట. పట్టుబడతానని తెలిశాక తలుపు ముట్టుకున్నా కాలతాయి.

నిన్న కాపలావాణ్ణి పోలీసులు తీసుకెళ్ళారు. మేనేజర్ కూడా వాడిమీదే చెప్పాడట. నేనూ మేనేజరూ ఒకే మాట మీద నిలబడటం నా జన్మలో ఇదే మొదటిసారి. ఆ సంగతి నాకు నిద్రపట్టనివ్వడం లేదు. అయినా నిజం ఎవరి నోటివెంట వచ్చినా నిజమే అనుకున్నాను.

ఒకటడుగుతాను, సూటిగా చెప్పు. ఆ కార్డుల పని ఇంకా నీకే ఉందా? అందుకేనా నోరు పెగలడం లేదు? పిన్ని చేతి ముద్దలు తిన్న నోరు అది. అలా అయితే నాకు తమ్ముడు లేడనుకుంటాను, ఈ ఉత్తరానికి జవాబు కూడా అక్కర్లేదు.


స్టూడియో వెనక గది,
జులై 3

అక్కా,

జవాబు అక్కర్లేదన్నావు. రాస్తున్నాను. ఈసారి ఊ కొట్టడం లేదు.

కార్డుల పని వదిలేశాను, నిప్పంటుకున్న రోజే. అది కాదు నా నోరు కట్టేసింది.

ఆ మధ్యదారి వెడల్పు ఎంతో తెలుసా? నా మోచేయి నుంచి మణికట్టుదాకా, ఆపైన నాలుగు వేళ్ళు. ఫొటో తీసేరోజు నేనే కొలిచాను, ఎక్కడ నిలబడాలో చూసుకోవడానికి. మూలకి వెళ్ళి, వీపు గోడకి అంటించి, కెమెరాని మోకాలి ఎత్తులో పెట్టాను. ఆ ఎత్తు నుంచి ఈ లెన్సు ముందున్న నేలని చాపలా పరిచేస్తుంది. దగ్గర బల్లలు అటూ ఇటూ తప్పుకుంటాయి, తలుపు ఎక్కడో దూరాన ఊరిచివర ఉన్నట్టుంటుంది. నాకా సంగతి తెలుసు. నా గది మీద పరీక్షించి నీకు రాసింది నేనే కదా. నువ్వు అద్దం అబద్ధమాడదన్నావు. చదివి నవ్వుకున్నాను. సరిదిద్దలేదు. నీతో వాదించి గెలిచినవాడెవడు?

నిజం చెప్పనా? ఆ క్షణంలో నాకు హాలు గుర్తులేదు, మనుషులు గుర్తులేరు. బొమ్మ బాగా వస్తోంది, అంతే. అంత మసకలో ఒక్క గీత చెదరకుండా వస్తోంది. జీవితంలో మొదటిసారి మంచి బొమ్మ తీస్తున్నానన్న మురిపెం.

ఇంకోటుంది. ఇదే అసలుది. ఆ ఫొటోకి ఎడమ అంచున ఒక ముక్క కత్తిరించాను. అందరినీ బయటికి పంపారు కానీ పిన్ని కళ్ళజోడు మరిచిపోయిందని వెనక్కొచ్చింది. నేను మీట నొక్కేటప్పుడు ఎడమ పక్క వరసలో తన మిషన్ దగ్గరికి వెళ్తోంది. అన్ని వరసల మధ్యా ఉండేది అదే సందు, మధ్యదారికీ అంతే కొలత. పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, చేతులు పైకెత్తి, పీతలా నడుస్తూ, నన్ను చూసి నవ్వుతోంది. "తప్పుకో ఒంటికన్నోడా, బండి వస్తోంది!" అంది. పొట్ట ఒక బల్లకి తగులుతోంది, వీపు ఇంకో బల్లకి. నీకు తెలుసుగా, పిన్నిది బక్క శరీరం.

మనుషులు వద్దన్నాడు కాబట్టి కత్తిరించాను. అంచున సాగిపోయి వికారంగా వచ్చింది కాబట్టి కూడా కత్తిరించాను. కొలత చెప్పే మనిషిని తీసేసి, కొలతలేని దారిని వాళ్ళ చేతిలో పెట్టాను.

ఆ సాయంత్రం పిన్నికి చూపించాను. చాలాసేపు చూసింది. "నన్ను తీసేస్తే తీసేశావు గానీ, మా హాలు ఇంత పెద్దదని నాకే తెలీదురా. ఇంత చోటు పెట్టుకుని నేనెందుకు పక్కకి తిరిగి నడుస్తున్నాను?" అంది. ఆట పట్టిస్తోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదక్కా. తర్వాత అన్నం పెట్టింది.

ఆ రోజు తలుపు తెరిచే ఉంది. మూటలు మళ్ళీ దారిలోకొచ్చాయి. పొగలో పక్కకి తిరిగి నడవాలని ఎవరికి గుర్తుంటుంది? అందరూ ఎదురుగా పరుగెత్తారు. రెండో వరస దగ్గర ఇద్దరు ఇరుక్కున్నారు, వెనకవాళ్ళు వాళ్ళమీద పడ్డారు. బయటపడినవాళ్ళలో ఒకావిడ ఆసుపత్రిలో నాకు చెప్పింది. ఆవిడ చెప్పిందని నువ్వు రాస్తే, కంపెనీ నా ఫొటో చూపిస్తుంది. అందుకే నేను చెప్పాలి.

కత్తిరించని ఫొటో ఇందులో పెట్టాను. ఒకటి నీకు. ఇంకోటి మంగళవారం విచారణ అధికారి ముందు పెడతాను. ఫొటో తీసినవాడిమీదా కేసు పెడతారట, అడిగి తెలుసుకున్నాను. పెట్టనీ. తాళాలన్నయ్యని వదలాలి.

లెన్సు నువ్వు పంపావని ఎక్కడా చెప్పను.

తమ్ముడు


పత్రిక ఆఫీసు,
జులై 11

నాన్నా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

చెప్పు. లెన్సు నేను పంపానని చెప్పు. ఎవరడిగినా చెప్పు. అద్దం అబద్ధమాడదని రాసిందీ నేనేనని చెప్పు. ఆ ఉత్తరం నీ దగ్గరుంటే అదీ ఇవ్వు.

ఫొటో చూశాను. మొదట ఎడమవైపు చూడలేకపోయాను, అరచేయి అడ్డుపెట్టుకుని మిగిలినదంతా చూశాను. మళ్ళీ అదే విశాలమైన హాలు, మళ్ళీ నమ్మబుద్ధేసే దారి. అప్పుడు చేయి తీశాను. ఒక్కసారిగా హాలు ముడుచుకుపోయిందిరా. అంచున అన్నీ సాగుతాయన్నావుగా. అంత సాగదీసినా ఆ సందులో ఒక ఆడమనిషి తిన్నగా నిలబడే చోటు లేదు.

పిన్ని నాకు నోటితో చెప్పింది. పక్కకి తిరిగి నడుస్తామే అని చెప్పింది. నేను కాగితం ముక్కని నమ్మి, ఆమె ఎక్కువ చేసి చెబుతోందన్నాను. పాతికేళ్ళుగా కష్టజీవుల మాట నమ్మండి, నమ్మండి అని అరుస్తున్న నేను! కుర్చీలోంచి లేవని అధికారిని తిట్టాను. నేను లేచానా? నాలుగు రోజులు నీ దగ్గరున్నాను, ఆ ఆసుపత్రి మెట్లెక్కానా? గేటు దగ్గర ఫొటో ముందు గంటసేపు నిలబడ్డాను గానీ, గేటు తీసినవాణ్ణి ఒక్క ముక్క అడిగానా? వాడి దగ్గర తాళాలున్నాయి, నా దగ్గర కోపం ఉంది. సరిపోయిందనుకున్నాను.

ఈ సంచిక మొదటి పేజీలో కత్తిరించని ఫొటో వేస్తున్నాను. పిన్ని ఉన్న ముక్క మీద గీత గీయను, బాణం పెట్టను. కింద నా తప్పు నా సంతకంతో. సంపాదక వర్గంలో ఒకాయన, "మన పరువు పోతుంది, చిన్న సవరణ వేద్దాం, లోపలి పేజీలో" అన్నాడు. ఆయన మీద అరవడానికి కూడా నాలో ఓపిక లేదు. వద్దండి, అన్నాను. అంతే.

కాపలా ఆయన భార్యకి ఉత్తరం రాశాను. తిరిగొచ్చింది, విప్పకుండానే. నేనే వస్తాను. తలుపు తీయకపోతే బయట నిలబడతాను.

తమ్ముడు అనే మాట నీకు లేకుండా చేశాను పోయినసారి. దాన్ని నేను వెనక్కి తీసుకోగలనో లేదో నువ్వే చెప్పాలి.

అక్క


స్టూడియో వెనక గది,
ఆగస్టు 19

అక్కా,

నువ్వు వచ్చి వెళ్ళాక విచారణ ఇంకో రెండుసార్లు జరిగింది. కంపెనీ వకీలు నా ఫొటో అబద్ధమైతే కత్తిరించనిది మాత్రం నిజమని నమ్మేదెలా అన్నాడు. అడగాల్సిన మాటే. కాలిన హాల్లోంచి బల్లలన్నీ కంపెనీ తీయించేసింది, కొలవడానికి ఏమీ మిగల్లేదు. నేను అధికారితో అన్నాను: అయ్యా, మీ గదిలోవే రెండు బల్లలు ఇప్పించండి.

తెచ్చారు. పిన్ని పొట్టా వీపూ ఎక్కడ తగులుతున్నాయో ఫొటోలో చూపించి, ఇంట్లో మిగిలిన ఆమె ఇంకో ఏప్రాన్ని ఆమె ఒంటి మందాన మడిచి మధ్యలో పెట్టి, అంత సందు వదిలాను. నా మోచేయీ నాలుగు వేళ్ళూ సరిగ్గా పట్టాయి. నడవండి, అన్నాను. అధికారి లేచాడు. కాస్త లావాటి మనిషి. ఎదురుగా రెండడుగులు వేసి ఆగాడు. పక్కకి తిరిగాడు. పొట్ట పీల్చాడు. చేతులు తనంతట తనే పైకెత్తాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. వకీలు కాగితాలు సర్దుకున్నాడు.

తాళాలన్నయ్యని మొన్న వదిలారు. గుత్తి పట్టుకోలేడిక, వేళ్ళు ముడవడం లేదు. నిన్న నా దగ్గరికొచ్చాడు. పిన్ని ఫొటో ఒకటి కావాలన్నాడు, "నవ్వుతున్నది". ఇచ్చాను. నీ సంగతెత్తితే, "మీ అక్క మూడు పూటలు బయటే నిలబడిందట" అన్నాడు.

మేనేజర్ మీదా, పత్రమిచ్చిన అధికారి మీదా, నా మీదా కేసు. నాది చిన్నదే అంటున్నారు. స్టూడియో మూసేశాను. బోర్డు దింపుతుంటే కింద గోడ రంగు కొత్తగా ఉంది.

లెన్సు ఏం చేశావని అడిగావు. విచారణవాళ్ళు సీలు వేసి తీసుకెళ్ళారు, సొట్టతో సహా రాసుకుని. దాంతో నేనింకా మొదట్లోనే ఉన్నాను, దాని గురించి ఏం తెలుసుకున్నానో చెప్పేంత కాలం అది నా దగ్గర లేదు.

కత్తిరించని ఫొటోని పెద్దది చేయించి ఈ గదిలో తగిలించాను. పిన్ని దాదాపు నిలువెత్తున ఉంది. ఉదయం లేచి పంపు దగ్గరికి వెళ్ళాలంటే ఆ గోడ పక్కనుంచే వెళ్ళాలి. చేతులు పైకెత్తి, పక్కకి తిరిగి, నవ్వుతూ ఎదురొస్తుంది. నేనూ పక్కకి తిరుగుతాను. ముందు ఆమెని వెళ్ళనిస్తాను.

నీ తమ్ముడు